మరల వచ్చిన వేషములు

మొన్న మండవల్లి రైల్వే స్టేషనులో గుడివాడ వైపు పోవు బండికై వేచియుండగా, కళాశాలకు బోవు విద్యార్థులు అయిదారుగురు మా కంటబడిరి. వారి పాంట్లు మోకాళ్ళ కడ బిగిసి, పాదముల కడ గంటవలె విచ్చుకొని యుండెను. ప్రక్కనున్న వృద్ధుడొకడు అందులో తన మనుమని జూచి, "ఒరే, నేను కాలేజీలో కుట్టించుకున్న బెల్‌బాటం ఇదే కదరా! అది వేసుకుంటే, ఇక వీధి ఊడవడానికి చీపురెందుకని మా నాన్న తిట్టాడు" అని నవ్వెను. "తాతయ్యా, ఇది ఇప్పటి ఫ్యాషను" అని మనుమడు చిన్నబుచ్చుకొనెను. ఇరువుర మాటయు నిజమే యని మాకు దోచినది.

ఈ పాంటు పుట్టినది కళాశాలలలో గాదు. మొదట నిది నావికుల దుస్తు. ఓడ బల్లలు కడుగునపుడు మోకాళ్ళపైకి సులువుగా మడచుకొనుటకు వెడల్పు కాళ్ళు ఉపకరించెడివని చెప్పుదురు. కొల్లేటిలో వల వేయువాడు పంచె నెగగట్టుటయు నిట్టి యవసరము చేతనే గదా! 1960వ దశకమున పాశ్చాత్య యువజనులు దానిని గైకొనిరి. 1970వ దశకమున సినిమాల మూలమున అది మన పల్లెటూరి దర్జీల కత్తెరకు గూడ నందెను. పిమ్మట పెట్టెల యడుగున బడి, నేడు మరల వెలికి వచ్చినది.

అంతకు ముందు తరముల సంగతి యింకను విచిత్రము. ఇరువదవ శతాబ్ది తొలి దశాబ్దములలో, ఆచారపరుల యిండ్ల పిల్లవాడు పిలక తీసి క్రాపు పెట్టుకొన్నచో ఇంటిల్లిపాదియు దుఃఖించెడివారు. నాడు క్రాపు నవీనతకు గురుతు. పిలకయు, చెవిపోగులును పాతదనమునకు గురుతులు. నేటి విద్యార్థి జుట్టు పెంచి ముడి వేయుచున్నాడు. చెవికి పోగు పెట్టుచున్నాడు. అదియే నవీనత యనుచున్నాడు. ఏది నవీనము? కత్తిరించుటయా, పెంచుటయా? చీనా దేశమున 1645లో మంచూ ప్రభువులు జడ వేసికొనని పురుషునకు మరణదండన విధించిరి. 1911 విప్లవముతో జనులు ఆ జడలను కోసివేసిరి. వారు కోసినది జుట్టును గాదు, ఆజ్ఞను. కాబట్టి వేషమును జూచి సంస్కారమును నిర్ణయింపరాదు. ఆ వేషము నెవరు నిర్ణయించిరో విచారింపవలయును.

మన బాలికల విషయమున నీ విచారణ మిక్కిలి ముఖ్యము. సంక్రాంతి సంబరములకు కళాశాల విద్యార్థినులు పరికిణీ ఓణీలు ధరించి వచ్చుట నేడు వేడుకగా నున్నది. వారి ముత్తవ్వల కాలమున పెక్కు కుటుంబములలో బాలికకు ఓణీ వేయుట యనగా బడి మాన్పించి సంబంధములు వెదకుటయే. 1930 ఏప్రిలు 1 నుండి అమలునకు వచ్చిన శారదా చట్టము బాలికల కనీస వివాహ వయస్సును 14 ఏండ్లుగా నిర్ణయించినది. 1978 సవరణ దానిని 18 చేసినది. ఐనను 2019-21 జాతీయ కుటుంబారోగ్య సర్వే ప్రకారము, ఆంధ్రప్రదేశమున 20-24 ఏండ్ల స్త్రీలలో నూటికి సుమారు 29 మందికి 18 నిండకమునుపే వివాహమైనది. ఓణీ కళాశాలకు వచ్చుట శుభమే. ఓణీ వేసిన ప్రతి బాలికయు కళాశాలకు వచ్చుట యింకను జరుగలేదు.

చదువరులారా! మన పిల్లల వేషములు జూచి కోపగింపకుడు. మన పాత ఛాయాచిత్రముల పెట్టె నొకమారు తెరచి చూడుడు. మన పెద్దల కోపమును జ్ఞాపకము చేసికొనుడు. ఆ చిత్రములను పిల్లలకు జూపి, ఆ దుస్తులలో ఏది యిష్టముతో తొడిగినదో, ఏది నిర్బంధముచే తొడిగినదో కూడ చెప్పుడు. పాత బట్ట మరల వచ్చిన రానిండు. పాత నిర్బంధము మాత్రము దాని మడతలలో దాగి రాకుండ చూచుకొనుట మన పని.