ఎండుటాకుల పాట

ఒకరు పాడి రికార్డు చేసిన పాటను మరొకరు తమ బాణీలో మళ్లీ పాడి గాని, వాయించి గాని రికార్డు చేస్తే దానిని సంగీత వ్యాపారంలో కవర్ వెర్షన్ అంటారు. ఫ్రెంచిలో ‘లే ఫోయ్ మోర్త్’ అన్న పేరుతో పుట్టి, ఇంగ్లిషులో ‘ఆటమ్ లీవ్స్’గా దేశదేశాలు తిరిగిన విరహగీతానికి వచ్చినన్ని కవర్ వెర్షన్లు 20వ శతాబ్దపు ప్రేమగీతాలలో బహు కొద్దింటికే వచ్చాయి. అయితే ఆ ప్రయాణంలో పాట ఏమి సంపాదించుకున్నదో చెప్పడం తేలికే గాని, ఏమేమి విడిచిపెట్టుకుంటూ వచ్చిందో గమనించినప్పుడే దాని చరిత్ర అర్థమవుతుంది.

ఈ పాట స్వరకర్త జోసెఫ్ కోస్మా 1905లో బుడాపెస్ట్‌లో పుట్టిన హంగేరియన్ యూదుడు. బెర్లిన్‌లో స్వరకర్త హాన్స్ ఐస్లర్ పరిచయంతో నాటక సంగీతం వైపు మళ్లిన ఆయన, 1933లో నాజీలు అధికారానికి రాగానే పారిస్ చేరి, అక్కడ కవి జాక్ ప్రెవేర్ కవితలకు బాణీలు కట్టడం మొదలుపెట్టాడు. ఫ్రాన్స్ జర్మన్ల వశమయ్యాక యూదుడన్న కారణంగా ఆయన పనిపై నిషేధం పడింది. దక్షిణ ఫ్రాన్స్‌లో నిర్బంధపు బతుకు బతుకుతూ, ప్రెవేర్ తదితర మిత్రుల అండతో, ఇతరుల పేర్ల చాటున సినిమాలకు సంగీతం రాశాడు. 1945లో విడుదలైన ‘లే జాన్‌ఫాన్ దు పారాడీ’ చిత్రపు పేర్ల పట్టికలో ఆయన రహస్యంగా సహకరించినట్టు బాహాటంగా ప్రకటించారు. ఆయన కట్టిన ‘లే ఫోయ్ మోర్త్’ బాణీని ఈ నేపథ్యంలోంచి విడదీసి వినడం సరికాదు.

ఆ బాణీ మొదట పాట కాదు. 1945 జూన్‌లో పారిస్‌లోని సారా బెర్నార్ నాటకశాలలో నృత్యదర్శకుడు రోలాన్ పెతి ప్రదర్శించిన ‘ల రాందేవూ’ అనే బ్యాలేకు, అంటే మాటలు లేని నృత్యరూపకానికి, ప్రెవేర్ కథ అల్లగా కోస్మా సంగీతం కూర్చాడు. పికాసో తెర, బ్రాసాయ్ ఛాయాచిత్రాలతో చేసిన రంగాలంకరణ దానికి అమరాయి. అందులోని ఒక స్వరభాగానికే ప్రెవేర్ తర్వాత మాటలు రాశాడు. ఆ బ్యాలే కథనే విస్తరించి దర్శకుడు మార్సెల్ కార్నే ‘లే పోర్త్ ద లా నుయి’ అనే చిత్రాన్ని తలపెట్టగా, నాయికా నాయకులుగా అనుకున్న మార్లీన్ డీట్రిచ్, జాన్ గాబాన్ తప్పుకోవడంతో, ఇటలీలో పుట్టి మార్సెయ్‌లో పెరిగిన పాతికేళ్ల గాయకుడు ఈవ్ మోంటాన్‌కు నాయకుని పాత్ర దక్కింది. చిత్రంలో ఈ పాట పూర్తిగా వినపడదు. మౌతార్గన్ మీద, కూనిరాగంగా, తునకలు తునకలుగా మాత్రమే వచ్చి పోతుంది. 1946 డిసెంబరులో విడుదలైన ఆ చిత్రం అప్పుడే ముగిసిన యుద్ధకాలాన్ని, శత్రువుతో చేతులు కలిపినవారిని, నల్లబజారును చూపించడం ప్రేక్షకులకు రుచించక పరాజయం పాలైంది. పాట మాత్రం మోంటాన్, కోరా వోకేర్ వంటి గాయకుల గొంతులలో సినిమాతో సంబంధం లేకుండానే క్రమంగా నిలదొక్కుకున్నది.

ఫ్రెంచి పేరుకు అక్షరార్థం ‘చచ్చిన ఆకులు’. వాడుకలో రాలి ఎండిన ఆకులని అర్థం. ప్రెవేర్ ఆ ఆకులను పారతో ఎత్తిపోసే దృశ్యాన్ని జ్ఞాపకాలతోను, పశ్చాత్తాపాలతోను ముడిపెట్టాడు. ఫ్రెంచిలో పారతో ఎత్తడమంటే కొల్లలుగా ఉండడమని కూడా జాతీయం కాబట్టి, ఒకే మాట చెత్త ఊడ్పును, గుండెలో పేరుకున్న బరువును చెబుతుంది. 1950 నాటికి అమెరికన్ గేయరచయిత జానీ మెర్సర్ రాసిన ఇంగ్లిషు పాటలో ఈ పార లేదు. కిటికీ పక్కగా జారిపడే ఎరుపు, బంగారు వన్నెల ఆకులు, వేసవినాటి ప్రియురాలి తలపు మాత్రమే మిగిలాయి. తెలుగులో చెప్పాలంటే ప్రెవేర్‌వి ఎండుటాకులు, మెర్సర్‌వి పండుటాకులు. ఆటమ్ అనే మాటను శరత్తుగా అనువదించడం కూడా తెలుగు పాఠకుని దారి తప్పిస్తుంది, ఎందుకంటే మన కవిత్వంలో శరత్తు వెన్నెల ఋతువు, ఆకు రాలేది శిశిరంలో.

పోయిన మరొక భాగం, తెలుగు సినిమా పాటల్లో సాకీ అని పిలిచే దానిని పోలిన ప్రారంభభాగం. ఫ్రెంచి గాయకులు మాట్లాడుతున్నట్టుగా, తాళపు బిగువు సడలించి పాడే ఆ భాగంలోనే ప్రేమకథంతా ఉంటుంది; ఇంగ్లిషు పాట దానిని వదిలి నేరుగా పల్లవితో మొదలవుతుంది. అయినా పాట చావలేదంటే కారణం పల్లవి స్వరనిర్మాణంలోనే ఉంది. విషాదానికి వాడే మైనర్ స్వరక్రమంలో ఆధారస్వరాన్ని షడ్జమంగా తీసుకుంటే, తొలి వాక్యం స రి గ అని మూడు మెట్లెక్కి, అక్కడినుంచి ధైవతానికి ఎగిరి నిలుస్తుంది. రెండవది అదే నడకను ఒక మెట్టు కింద, ని స రి ప అని, మూడవది మరొక మెట్టు కింద, ద ని స మ అని పలుకుతుంది. ప్రతి వాక్యమూ లేవడానికి ప్రయత్నిస్తుంది, ప్రతిసారీ అంతకు ముందుకన్నా కింద ఆగుతుంది. ఇంతవరకు మన నఠభైరవి మేళపు స్వరాలే వినిపించినా, నాలుగవ వాక్యంలో చతుశ్రుతి ధైవతం, కాకలి నిషాదం ప్రవేశించి విషాదాన్ని పదునెక్కిస్తాయి. వీటి వెనుక మోగే కార్డులు, అంటే ఏకకాలంలో పలికే స్వరసముదాయాలు, మొదట సంతోషానికి వాడే మేజర్ వైపు నడిచి, వెంటనే మైనర్‌లోకి తిరిగి వస్తాయి. ఆశపడి చతికిలబడడమనే అనుభవం మాటల అవసరం లేకుండానే ఆ బాణీలో ఉన్నది.

అందుకే పాటను గొంతు కూడా విడిచిపెట్టగలిగింది. 1955లో రోజర్ విలియమ్స్ పియానో మీద రాలే ఆకులను తలపించే జారుడు స్వరాలతో వాయించిన రికార్డు అమెరికా బిల్‌బోర్డ్ పట్టికలో మొదటి స్థానానికి చేరింది. జనాదరణ ఎంత ఉన్నా, అందులో అలంకారం దుఃఖాన్ని కప్పేసిందనే చెప్పాలి. 1956లో అదే పేరుగల హాలీవుడ్ చిత్రానికి నాట్ కింగ్ కోల్ పాడాడు. మరుసటి ఏడు ఫ్రాంక్ సినాట్రా తన విషాదగీతాల ఆల్బమ్‌లో దీనిని చేర్చాడు. జాజ్ కళాకారులకు, అంటే స్వరాల చట్రం మీద అప్పటికప్పుడు కల్పన చేసే వాద్యకారులకు, ఈ పాట బాటగా, బడిగా మారింది. 1958 మార్చిలో శాక్సఫోన్ వాద్యకారుడు కానన్‌బాల్ ఆడర్లీ ‘సమ్‌థింగ్ ఎల్స్’ ఆల్బమ్ కోసం చేసిన దాదాపు 11 నిమిషాల రికార్డింగులో మైల్స్ డేవిస్ ట్రంపెట్ స్వరాల మధ్య విడిచిన నిశ్శబ్దం, ప్రెవేర్ మాటలు తెలియనివారికి సైతం ఎడబాటును వినిపిస్తుంది. 1959 డిసెంబరులో బిల్ ఎవాన్స్ త్రయం మాత్రం పియానో, బాస్, డ్రమ్స్ ఒకదానితో ఒకటి సంభాషించే పద్ధతిలో పాటను విప్పి, మళ్లీ అల్లింది.

గాయకులు కూడా దీనిని వదిలిపెట్టలేదు. 1996 జనవరిలో వాషింగ్టన్‌లోని ఒక జాజ్ క్లబ్బులో పాడిన ఎవా కాసిడీ అదే ఏడాది 33వ ఏట మరణించడంతో, ఆ రికార్డింగును శ్రోతలు వీడ్కోలుగా వింటున్నారు. 2015లో బాబ్ డిలన్ వయసు పైబడిన గొంతుతో దీనిని మళ్లీ పాడాడు.

ఈ కవర్లన్నింటికన్నా లోతైన స్పందన అసలు కవర్ కానే కాదు. 1961లో ఫ్రెంచి గాయకుడు సెర్జ్ గాన్స్‌బూర్ ‘లా షాన్సోఁ ద ప్రెవేర్’ అనే కొత్త పాట రాశాడు. పాత ప్రియురాలికి ఇష్టమైన ఎండుటాకుల పాట వినపడినప్పుడల్లా గతం తిరగబెట్టే మనిషి గోడు అది. కవి పేరు వాడుకోవడానికి గాన్స్‌బూర్ స్వయంగా ప్రెవేర్‌ను కలిసి అనుమతి తీసుకున్నాడు. 1969లో కోస్మా, 1977లో ప్రెవేర్ మరణించారు. ఈ పాటను ఇంగ్లిషులోనో, పియానో మీదనో మాత్రమే ఎరిగిన తెలుగు శ్రోతలు ఒక్కసారి మోంటాన్ గొంతులో, ఆ సాకీతో సహా, మొదటినుంచి వినాలి.