ఇంటి జలవిద్యుత్తు: టర్బైను, జనరేటర్ల ఎంపిక

కొండవాగు నీటినో ఊట నీటినో పైపులో దించి, ఒకటి రెండు ఇళ్ళకు సరిపడా కరెంటు తీయడాన్ని ఇంటి జలవిద్యుత్తు అంటారు. భారత ప్రభుత్వ లెక్కలో 100 కిలోవాట్ల వరకు ఉన్నవన్నీ మైక్రో హైడెల్ కిందికే వస్తాయి. 5 కిలోవాట్ల లోపు వాటిని పికో అనడం వాడుక. కర్ణాటక మలెనాడులోని తోటల ఇళ్ళలో, నేపాల్ కొండ పల్లెల్లో ఇవి చాలాకాలంగా నడుస్తున్నాయి. తెలుగు నేల మీద వీటికి ఎక్కువగా అనువైనది తూర్పు కనుమల ఏజెన్సీ ప్రాంతం. డెల్టా కాలువల్లో నీరు పుష్కలం, పల్లమే తక్కువ.

యంత్రం సంగతి తర్వాత. ముందు తేలాల్సినవి రెండు అంకెలు. నీరు ఎన్ని మీటర్ల ఎత్తు నుంచి దిగుతుంది, సెకనుకు ఎన్ని లీటర్లు వస్తుంది. ఎత్తును తాపీ మేస్త్రీలు వాడే పారదర్శక నీటి గొట్టంతో అంచెలంచెలుగా కొలిచి కూడుకోవచ్చు. ప్రవాహానికి బకెట్టు, గడియారం చాలు. 20 లీటర్ల బకెట్టు 5 సెకన్లలో నిండితే సెకనుకు 4 లీటర్లు. కొలత వానాకాలంలో కాదు, ఏప్రిల్, మే నెలల్లో తీయాలి. శ్రావణంలో వాగు చూపించే దర్జాను నమ్మి యంత్రం కొన్నవారికి వేసవిలో తిరగని చక్రం మిగులుతుంది.

మీటర్లను లీటర్లతో, వచ్చినదాన్ని 5తో గుణిస్తే చేతికందే వాట్లు సుమారుగా తెలుస్తాయి. శాస్త్రప్రకారం గుణకం 9.81, పైపు రాపిడిలో, టర్బైనులో, జనరేటరులో పోయేది పోగా దాదాపు సగం మిగులుతుంది. 40 మీటర్ల ఎత్తు, 4 లీటర్ల ప్రవాహం ఉంటే 800 వాట్లు. వినడానికి ఇది ఒక ఇస్త్రీపెట్టె పాటి అంకె. కానీ ఇది రాత్రింబవళ్ళు వస్తూనే ఉంటుంది, రోజుకు 19 యూనిట్లవుతుంది.

ఎత్తు ఎక్కువగా, నీరు తక్కువగా ఉన్నచోట పెల్టన్ చక్రం సరిపోతుంది. కాలిఫోర్నియా బంగారు గనుల ప్రాంతంలో పనిచేసిన లెస్టర్ పెల్టన్ 1880లో దీనికి పేటెంటు పొందాడు. నాజిల్ నుంచి దూసుకొచ్చే ధార, అంచు చుట్టూ ఉన్న జంట దోనెల వంటి గిన్నెలను కొడుతుంది. గిన్నెల వేగం ధార వేగంలో సగానికి కాస్త తక్కువగా ఉన్నప్పుడు శక్తి బాగా దక్కుతుంది. చక్రం కొలతను నిర్ణయించేది ఈ సూత్రమే. పై ఉదాహరణలో పైపు రాపిడి పోగా 36 మీటర్లు మిగిలితే ధార సెకనుకు 26 మీటర్ల వేగంతో, దాదాపు 14 మిల్లీమీటర్ల మందంతో వస్తుంది. నిమిషానికి 1500 చుట్లు తిరిగే జనరేటరు షాఫ్టుకే చక్రాన్ని బిగించాలంటే దాని వ్యాసం సుమారు 16 సెంటీమీటర్లు ఉండాలి. అప్పుడు బెల్టూ వద్దు, పుల్లీలూ వద్దు. నేపాల్‌లో తయారైన పెల్ట్రిక్ సెట్ ఇలాంటి పొందికే.

అదే ఎత్తుకు నీరు మరికాస్త ఎక్కువ ఉంటే టర్గో మేలు. ధార ఒక పక్క నుంచి ఏటవాలుగా కొట్టి రెండో పక్క బయటపడుతుంది కాబట్టి చిన్న చక్రమే ఎక్కువ నీటిని తట్టుకుంటుంది. ఎత్తు పది, ఇరవై మీటర్ల దాకానే ఉంటే క్రాస్‌ఫ్లో చూడాలి. దీని రెక్కలు వంచిన రేకులు. వెల్డింగ్ షాపులో కూడా చేయించుకోవచ్చు. నీరు రెక్కల మధ్య నుంచి రెండుసార్లు పోతుంది గనుక ఇరుక్కున్న ఆకులు చాలావరకు అవే కొట్టుకుపోతాయి. రెండు మూడు మీటర్ల పల్లానికి ప్రొపెల్లర్ రకమే గతి. దానికి నీరు బాగా కావాలి, తగ్గితే సామర్థ్యం చప్పున పడిపోతుంది.

మామూలు సెంట్రిఫ్యూగల్ పంపును తిరగేసి టర్బైనుగా వాడడం చౌకైన దారి. విడిభాగాలు ఏ పట్నంలోనైనా దొరుకుతాయి. అయితే పంపుగా దాని రేటింగుకు మించిన ఎత్తూ, ప్రవాహమూ కావాలి. ఏడాది పొడుగునా ఒకేలా పారే వాగుకే అది నప్పుతుంది.

జనరేటరు విషయానికొస్తే, కొన్ని వందల వాట్లకు శాశ్వత అయస్కాంత ఆల్టర్నేటరు, బ్యాటరీ, ఇన్వర్టరు చాలు. కారు ఆల్టర్నేటరు చవకే, కానీ దానికి వేగం ఎక్కువ కావాలి, సామర్థ్యం తక్కువ. పెద్ద మోటార్లు స్టార్ట్ చేయాల్సిన చోట, అనేక కిలోవాట్ల స్థాయిలో, సింక్రనస్ ఆల్టర్నేటరు తగినది. డీజిల్ సెట్టు నుంచి విప్పినదాన్ని తెచ్చేటప్పుడు జాగ్రత్త. లోడు ఊడిపోతే పెల్టన్ చక్రం మామూలు వేగానికి దాదాపు 1.8 రెట్లు తిరుగుతుంది. గవర్నరు అదుపులో బతికిన రోటరు దాన్ని తట్టుకోకపోవచ్చు.

ఈ రెంటికీ మధ్య, ఇంటి స్థాయికి మొండిగా పనికొచ్చేది త్రీఫేజ్ ఇండక్షన్ మోటారే. కండెన్సర్లు తగిలించి, పేరుపలక మీది 1440కి బదులు 1560 చుట్ల దగ్గర తిప్పితే అది 50 హెర్ట్జ్ కరెంటు ఇస్తుంది. ఇందులో బ్రష్షులు లేవు, కాలితే వైండింగ్ షాపు ఉంది. కండెన్సర్లను ప్రత్యేక పద్ధతిలో కలిపి సింగిల్ ఫేజ్ తీసుకోవచ్చు. అప్పుడు మోటారు రేటింగులో 80 శాతమే లెక్కలోకి తీసుకోవాలి. 800 వాట్లకు 2 హెచ్‌పీ మోటారు నిబ్బరంగా సరిపోతుంది. కండెన్సర్లు నిరంతరం పనిచేసే రన్నింగ్ రకానివే అయివుండాలి. స్టార్టింగు రకం పెడితే పేలిపోతాయి.

ఇంట్లో లైట్లు ఆపినప్పుడు మిగిలే కరెంటును ఎలక్ట్రానిక్ లోడ్ కంట్రోలరు ఒక హీటరుకు మళ్ళిస్తుంది. దాంతో వేగం, వోల్టేజీ నిలకడగా ఉంటాయి, స్నానాలకు నీళ్ళూ కాగుతాయి. లోడు మితిమీరితే ఇండక్షన్ జనరేటరు వోల్టేజీ తనంతట తానే కూలిపోతుంది, వైండింగ్ కాలదు. అలా కూలినప్పుడు లోపల మిగిలి ఉండాల్సిన అయస్కాంతత్వం కొన్నిసార్లు పోతుంది. యంత్రాన్ని ఆపి, 12 వోల్టుల బ్యాటరీని వైండింగుకు క్షణకాలం తాకిస్తే మళ్ళీ కరెంటు పుడుతుంది.