జపాను భాషా నైపుణ్యంతో వ్యాపార ఉద్యోగాలు

జపాను భాషను నేర్చిన విదేశీయులు ఆ దేశపు కంపెనీలలో అనువాదకులుగా, దుబాసీలుగా, ఎగుమతి దిగుమతి వ్యవహారాల ఉద్యోగులుగా, సాఫ్ట్‌వేరు పనులలో రెండు దేశాల బృందాలను కలిపే ఇంజనీర్లుగా పనిచేస్తుంటారు. ఈ ఉద్యోగాలను కోరేవారికి భాషా ప్రావీణ్యంతో పాటు వేరొక వృత్తిలో చదువు, ఆ వృత్తికి తగిన నివాస హోదా కూడా అవసరం. భాష ఒక్కటే తెలిసినవారికి అవకాశాలు పరిమితం. భాషా పరీక్షలో ఏ స్థాయి ఏ ఉద్యోగానికి దారి తీస్తుందో ముందుగా తెలుసుకోకపోవడం ఈ మార్గంలో తరచుగా జరిగే పొరపాటు.

నేపథ్యం

జపానులో పనిచేసే వయసు గల జనాభా 1990ల మధ్యకాలం నుండి, మొత్తం జనాభా 2000ల చివరి నుండి తగ్గుముఖం పట్టాయి. దీనితో విదేశీ ఉద్యోగుల అవసరం పెరిగింది. మరొక పక్క ఆ దేశపు వ్యాపారం ప్రపంచమంతటా విస్తరించి ఉంది. మిత్సుబిషి, మిత్సుయి, ఇతోచు, సుమితోమో, మరుబెని అనే అయిదు పెద్ద వర్తక సంస్థలు ఖనిజాలు, చమురు మొదలుకొని ఆహార ధాన్యాల వరకు అనేక సరుకుల వ్యాపారం చేస్తాయి. వీటిని జపాను భాషలో "సోగో షోషా" అంటారు.

2000వ సంవత్సరం ప్రాంతంలో కంప్యూటర్ల తేదీ సమస్యను సరిచేయడానికి భారతీయ ఇంజనీర్లు ఎక్కువ సంఖ్యలో టోక్యో చేరారు. నాటి నుండి ఎదొగావా వార్డులోని నిషికసాయి ప్రాంతం భారతీయుల నివాసంగా పేరు పొందింది. అప్పటి ఇంజనీర్లలో చాలామంది ఇంగ్లీషుతోనే పని గడుపుకున్నారు. కాని ఖాతాదారులతో నేరుగా మాట్లాడే ఉద్యోగాలు, పై పదవులు ఆ భాష వచ్చినవారికే ఎక్కువగా దక్కుతాయి. రకుటెన్ సంస్థ తమ కార్యాలయ భాషను ఇంగ్లీషుకు మారుస్తున్నట్లు 2010లో ప్రకటించి 2012 నుండి పూర్తిగా అమలు చేసింది. ఈ మార్పు అప్పట్లో పెద్ద వార్త అయింది. ఒక కంపెనీ ఇంగ్లీషులో పనిచేయడం వార్త కావడమే తక్కిన కంపెనీల పరిస్థితిని తెలుపుతుంది.

తెలుగువారు - జపాను భాష

వాక్య నిర్మాణంలో తెలుగుకు, జపాను భాషకు దగ్గరి పోలికలున్నాయి. రెండింటిలోనూ క్రియ వాక్యం చివర వస్తుంది. విభక్తి ప్రత్యయాలు నామవాచకం తరువాత చేరుతాయి. "రేపు వస్తాను అని చెప్పాడు" అన్న వాక్యాన్ని జపాను భాషలో "అషితా కురు తొ ఇత్తా" అంటారు. ఇందులో "తొ" సరిగ్గా మన "అని" ఉన్న చోటనే ఉంది. ఇంగ్లీషు ద్వారా కాక తెలుగు ద్వారా ఆలోచించే విద్యార్థికి వాక్యాలు కూర్చడం అందువల్ల సులభమవుతుంది. ఈ సంగతి చాలా తరగతి గదులలో చెప్పరు. ద్రావిడ భాషలలో ఒకటైన తమిళంతో జపాను భాషకు చుట్టరికం ఉన్నదని సుసుము ఓనో అనే పండితుడు ప్రతిపాదించాడు కాని, భాషా శాస్త్రవేత్తలు సాధారణంగా దానిని అంగీకరించలేదు.

కష్టమంతా లిపిలో ఉంది. హిరగానా, కతకానా అనే రెండు అక్షరమాలలను కొన్ని వారాలలో నేర్చుకోవచ్చు. చైనా నుండి వచ్చిన కాంజీ అక్షరాలకు మాత్రం ఏళ్ళు పడుతుంది. ప్రభుత్వం 2010లో సవరించిన నిత్య వ్యవహార పట్టికలో 2,136 కాంజీలున్నాయి. ఒక్కొక్క అక్షరాన్ని సందర్భాన్ని బట్టి రెండు మూడు విధాలుగా చదవవలసి ఉంటుంది. ఒప్పంద పత్రం, సరుకుల చిట్టా, ఈ-మెయిలు అన్నీ ఈ లిపిలోనే ఉంటాయి కనుక మాట్లాడటం మాత్రమే వచ్చినవారు కార్యాలయంలో నెగ్గుకు రావడం కష్టం.

రెండవ కష్టం "కెయిగో" అనబడే గౌరవ భాష. ఎదుటివారిని హెచ్చించి చెప్పే రూపాలు, తమను తగ్గించి చెప్పే రూపాలు, మర్యాద రూపాలు అని దీనిని మూడుగా చెప్పడం వాడుక. 2007లో ప్రభుత్వ సాంస్కృతిక సలహా మండలి అయిదుగా విభజించింది. తెలుగులో మీరు, గారు వంటివి ఉన్నాయి కనుక ఇది తేలికని అనుకోవడం పొరపాటు. మన కార్యాలయానికి ఎవరైనా ఫోను చేస్తే "మా మేనేజరు గారు ఇప్పుడు సీటులో లేరు" అంటాము. జపానులో బయటివారితో మాట్లాడేటప్పుడు తమ సంస్థ అధికారి పేరుకు "సాన్" అనే గౌరవ పదం చేర్చరాదు, క్రియను కూడా తగ్గించే రూపంలోనే చెప్పాలి. ఆ అధికారి ఎదురుగా ఉన్నప్పుడు మాత్రం హెచ్చించే రూపాలే వాడాలి. అనగా గౌరవం మనిషి హోదాను బట్టి మాత్రమే కాక, వినేవారు లోపలివారా, బయటివారా అన్నదానిని బట్టి కూడా మారుతుంది. తెలుగు అలవాటు ప్రకారం తమ అధికారిని బయటివారి ముందు గౌరవించిన ఉద్యోగి మర్యాద తెలియనివాడుగా కనబడతాడు.

పరీక్షలు

జపానీస్ భాషా ప్రావీణ్య పరీక్ష (జె.ఎల్.పి.టి.) 1984లో మొదలైంది. అప్పుడు నాలుగు స్థాయిలుండేవి. 2010 నుండి ఎన్5 మొదలు ఎన్1 వరకు అయిదు స్థాయిలయ్యాయి. ఎన్1 అన్నింటికంటె కఠినమైనది. పరీక్ష జూలై, డిసెంబరు నెలల మొదటి ఆదివారాలలో జరుగుతుంది. భారతదేశంలో చెన్నై, బెంగళూరు, పుణే, ముంబై, కోల్‌కతా, న్యూఢిల్లీ మొదలైన చోట్ల కేంద్రాలు ఏర్పాటు చేస్తుంటారు. మొత్తం 180 మార్కులకు ఎన్1లో 100, ఎన్2లో 90 వస్తే ఉత్తీర్ణులవుతారు. అయితే ఈ రెండు స్థాయిలలో మూడు భాగాలుంటాయి, ఒక్కొక్క భాగంలోనూ 60కి కనీసం 19 రావాలి. చదవడంలో ఎంత ఎక్కువ మార్కులు వచ్చినా వినడంలో 18 వస్తే తప్పినట్లే.

ఈ పరీక్షలో మాట్లాడటం లేదు, రాయడం లేదు. అన్నీ సరైన జవాబును గుర్తించే ప్రశ్నలే. కాబట్టి ఎన్2 పత్రం చేతిలో ఉండి కూడా ఇంటర్వ్యూలో రెండు వాక్యాలు కలిపి చెప్పలేనివారు కనబడతారు. కంపెనీలు పత్రాన్ని చూసి పిలుస్తాయి, మాటను విని నిర్ణయిస్తాయి. కార్యాలయ ఉద్యోగాలకు సాధారణంగా కనీసం ఎన్2 అడుగుతారు. అనువాదం, ఒప్పందాల వంటి పనులకు ఎన్1 కోరతారు.

వ్యాపార సందర్భాలకు ప్రత్యేకించిన పరీక్ష బి.జె.టి. దీనిని 1996లో జపాను విదేశీ వాణిజ్య సంస్థ (జెట్రో) ప్రారంభించగా, 2009 నుండి కాంజీ సామర్థ్య పరీక్షలు నిర్వహించే సంస్థ నడుపుతున్నది. ఇందులో ఉత్తీర్ణత, అనుత్తీర్ణత ఉండవు. సున్న నుండి 800 వరకు వచ్చిన మార్కులను బట్టి ఆరు శ్రేణులుగా విభజిస్తారు.

నివాస హోదాలు

జపానులో విదేశీయుడు ఏ పని చేయవచ్చో అతని నివాస హోదా నిర్ణయిస్తుంది. కార్యాలయ ఉద్యోగాలకు వర్తించేది "ఇంజనీరు, మానవీయ శాస్త్రాల నిపుణుడు, అంతర్జాతీయ సేవలు" అనే హోదా. పూర్వం రెండుగా ఉన్నవాటిని 2015లో కలిపి దీనిని ఏర్పరచారు. దీనికి సాధారణంగా విశ్వవిద్యాలయ పట్టా గాని, పదేళ్ళ అనుభవం గాని కావాలి. విదేశీ వర్తకం, ప్రచారం వంటి అంతర్జాతీయ సేవలకు మూడేళ్ళ అనుభవం అడుగుతారు. అనువాదం, దుభాష్యం, భాషా బోధన చేసే పట్టభద్రులకు ఈ నియమం నుండి మినహాయింపు ఉంది. చదివిన విషయానికి, చేయబోయే పనికి సంబంధం చూపాలి. అదే పని చేసే జపానీయునికి ఇచ్చేదానికి తక్కువ కాని జీతం ఇవ్వాలి.

2012లో ప్రవేశపెట్టిన ఉన్నత నైపుణ్య వృత్తి నిపుణుల పద్ధతిలో చదువు, వయసు, జీతం, అనుభవం వంటివాటికి పాయింట్లు కలిపి 70 వచ్చినవారికి అదనపు సౌకర్యాలిస్తారు. ఇందులో భాష విలువ స్పష్టంగా కనబడుతుంది. ఎన్1కు గాని, బి.జె.టి.లో 480 మార్కులకు గాని 15 పాయింట్లు, ఎన్2కు గాని 400 మార్కులకు గాని 10 పాయింట్లు లభిస్తాయి. 80 పాయింట్లు ఉన్నవారు ఒక ఏడాదికే శాశ్వత నివాసానికి దరఖాస్తు చేసుకోవచ్చు.

2019లో మొదలైన "నిర్దిష్ట నైపుణ్య కార్మికుడు" హోదా వేరు. వృద్ధుల సంరక్షణ, వ్యవసాయం, నిర్మాణం, ఆహార పదార్థాల తయారీ వంటి రంగాల కోసం దీనిని ఉద్దేశించారు. భారతదేశం 2021 జనవరిలో దీనిపై జపానుతో ఒప్పందం చేసుకుంది. ఎన్4 స్థాయి లేదా తత్సమానమైన పరీక్ష, ఆ రంగపు నైపుణ్య పరీక్ష ఉంటే సాధారణంగా సరిపోతుంది. మొదటి శ్రేణిలో సాధారణంగా మొత్తం అయిదేళ్ళకు మించి ఉండరాదు, కుటుంబాన్ని తీసుకువెళ్ళరాదు. ఇది గౌరవప్రదమైన ఉపాధియే. అయితే ఎన్4తో వ్యాపార కార్యాలయంలో ఉద్యోగమని చెప్పి ఈ హోదాతోనో, శిక్షణార్థి హోదాతోనో పంపితే అది వేరే పని, వేరే జీవితం. ఆరు నెలల తరగతులలో ఎక్కువమంది చేరగలిగేది ఎన్5, ఎన్4 స్థాయిలకే.

స్వంతంగా వ్యాపారం పెట్టదలచినవారికి నియమాలు 2025 అక్టోబరులో కఠినమయ్యాయి. మేనేజరు హోదాకు కావలసిన మూలధనాన్ని 50 లక్షల యెన్ల నుండి 3 కోట్ల యెన్లకు పెంచారు. దరఖాస్తుదారునికి గాని, పూర్తికాల ఉద్యోగులలో ఒకరికి గాని ఎన్2కు సమానమైన భాషా జ్ఞానం ఉండాలని కూడా విధించారు.

నియామక పద్ధతి

జపాను కంపెనీలు కొత్త పట్టభద్రులను ఏడాదికొకసారి గుంపుగా చేర్చుకుంటాయి. ఉద్యోగం ఏప్రిల్ 1న మొదలవుతుంది. ప్రభుత్వ సూచన ప్రకారం అంతకు ముందటి ఏడాది మార్చి 1 నుండి ప్రకటనలు, జూన్ 1 నుండి ఎంపికలు, అక్టోబరు 1 నుండి లాంఛనంగా నియామక హామీలు ఉండాలి. ఆచరణలో చాలా కంపెనీలు ఇంకా ముందే మొదలుపెడతాయి. జూన్‌లో పట్టా పుచ్చుకుని అప్పుడు వెదకడం మొదలుపెట్టిన భారతీయ విద్యార్థి ఒక ఏడాది పోగొట్టుకున్నట్లే. అనుభవం ఉన్నవారి నియామకాలు మాత్రం ఏడాది పొడుగునా జరుగుతాయి.

దరఖాస్తులో ఫోటో అంటించిన "రిరెకిషో" అనే వివరాల పత్రం ఉంటుంది. దానితో పాటు "మా కంపెనీలోనే ఎందుకు చేరదలచారు?" వంటి ప్రశ్నలకు జవాబులు రాయాలి. ఏ కంపెనీకైనా సరిపోయే జవాబు రాసినవారిని మొదటి వడపోతలోనే తీసివేస్తారు. టోక్యో, ఒసాకా, నగోయా, ఫుకుఓకా నగరాలలో విదేశీయుల కోసం ప్రభుత్వ ఉపాధి కేంద్రాలున్నాయి. అక్కడ సేవలు ఉచితం.

పని స్వరూపం

తెలుగువారిలో సాఫ్ట్‌వేరు చదివినవారికి అనువైనది "బ్రిడ్జి ఇంజనీరు" ఉద్యోగం. జపానులోని ఖాతాదారు కోరికలను విని, హైదరాబాదులోనో బెంగళూరులోనో ఉన్న బృందానికి తెలిపి, వారి సందేహాలను తిరిగి ఖాతాదారుకు విన్నవించడం ఇతని పని. ఇక్కడ మాటకు మాట అనువదిస్తే ప్రమాదం. "కెంతో షిమాసు" అంటే నిఘంటువు ప్రకారం "పరిశీలిస్తాము" అని అర్థం. వ్యాపార చర్చలో అది చాలాసార్లు మెత్తగా చెప్పిన "కాదు". దానిని అంగీకారంగా తీసుకుని పని మొదలుపెట్టిన బృందం శ్రమ వృథా అవుతుంది.

తెలియజేయడం, సమాచారమివ్వడం, సంప్రదించడం అనే మూడు పనులను కలిపి "హోరెన్సో" అంటారు. పాలకూరను కూడా అదే ఉచ్చారణతో పిలుస్తారు కనుక కొత్త ఉద్యోగులకు బాగా గుర్తుంటుంది. పని పూర్తయ్యాక చెబుదామనుకునే అలవాటు ఉన్నవారికి, సగంలోనే తెలపాలన్న ఈ నియమం మొదట్లో అపనమ్మకంగా తోస్తుంది.

తెలుగు రాష్ట్రాలతో సంబంధం

జపాను భాషతో ఉద్యోగానికి జపానే వెళ్ళనవసరం లేదు. తిరుపతి జిల్లాలోని శ్రీసిటీలో ఇసుజు (2016), డైకిన్ (2023) సంస్థల కర్మాగారాలు ప్రారంభమయ్యాయి. కోబెల్కో, టోరే సంస్థలు కూడా అక్కడ ఉన్నాయి. ఇటువంటి కర్మాగారాలలో జపాను నిపుణులకు, స్థానిక కార్మికులకు మధ్య దుబాసీల అవసరం ఉంటుంది. ఇక్కడ రెండు మూడేళ్ళు పనిచేసిన అనుభవం జపానులో ఉద్యోగానికి కూడా ఉపకరిస్తుంది. హైదరాబాదులోని ఇంగ్లీషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయంలో జపాను భాషా బోధన ఉంది. ఐ.ఐ.టి. హైదరాబాదు ప్రాంగణ నిర్మాణానికి జపాను ప్రభుత్వ సంస్థ జైకా సహాయం చేసింది, అక్కడి విద్యార్థులు జపాను విశ్వవిద్యాలయాలకు వెళ్ళే ఏర్పాట్లు చేసింది. 2025 ఆగస్టులో రెండు దేశాల ప్రధానులు అంగీకరించిన ప్రణాళికలో అయిదేళ్ళలో 50,000 మంది నిపుణులను, నిపుణులు కాగలవారిని భారతదేశం నుండి జపానుకు పంపాలనే లక్ష్యం ఉంది.

ఏజెంట్లు, ఖర్చులు

1983 వలస చట్టం ప్రకారం విదేశీ ఉద్యోగాలకు మనుషులను పంపే ఏజెంటు విదేశాంగ శాఖ వద్ద నమోదై ఉండాలి. అతడు అభ్యర్థి నుండి తీసుకోదగిన సేవా రుసుము పన్ను కాక గరిష్ఠంగా 30,000 రూపాయలు. ఏజెంటు నమోదు సంఖ్యను ఈ-మైగ్రేట్ వెబ్‌సైటులో సరిచూసుకోవచ్చు. హైదరాబాదులో వలసదారుల రక్షణాధికారి కార్యాలయం ఉంది. తెలంగాణ ప్రభుత్వానికి చెందిన టామ్‌కామ్ సంస్థ కూడా జపాను ఉద్యోగాలకు అభ్యర్థులను ఎంపిక చేస్తుంది.

విద్యార్థులను పంపే కన్సల్టెన్సీలు ఈ చట్టం పరిధిలోకి రావు. చిక్కు అక్కడే ఎక్కువ. భాషా పాఠశాలలో చేరి, పని చేసుకుంటూ ఫీజు కట్టుకోవచ్చునని వారు చెబుతుంటారు. విద్యార్థి హోదాలో ఉన్నవారు ప్రత్యేక అనుమతి తీసుకుని వారానికి 28 గంటలు మాత్రమే పనిచేయవచ్చు. ఆ పరిమితి దాటితే హోదా పొడిగింపును నిరాకరించవచ్చు. గంటల కూలితో గది అద్దె, భోజనం, పాఠశాల ఫీజు మూడూ గడవడం కష్టం. ఇక ఇంటి వద్ద చేసిన అప్పుకు వడ్డీ మిగిలే ఉంటుంది.

ఉద్యోగానికి వెళ్ళేవారి విషయంలో "నివాస అర్హతా పత్రం" కోసం జపానులోని వలస కార్యాలయంలో సాధారణంగా కంపెనీయే దరఖాస్తు చేస్తుంది. ఆ పత్రంలో ఏ హోదా రాసి ఉన్నదో, ఉద్యోగ ఒప్పందంలో ఏ పని, ఎంత జీతం రాసి ఉన్నవో వీసాకు ముందే చదువుకోవచ్చు. ఒప్పందం చాలాసార్లు జపాను భాషలో ఉంటుంది.