కూనూరు నుంచి తార్నాకకు: థైరాయిడ్, ఉప్పు

సికింద్రాబాద్‌ను ఆనుకొని తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ పుట్టింది ఇక్కడ కాదు. 1918లో నీలగిరుల్లోని కూనూరులో, పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌లోని ఒక్క గదిలో వైద్యుడు రాబర్ట్ మెక్‌కారిసన్ మొదలుపెట్టిన పరిశోధన పెరిగి పెద్దదై 1958లో హైదరాబాద్‌కు తరలివచ్చింది. అంతకుముందు ఆయన గిల్గిట్ కొండల్లో ఏళ్ల తరబడి పరిశోధించింది గాయిటర్‌ను, అంటే థైరాయిడ్ వాపును.

శ్వాసనాళాన్ని హత్తుకుని ఉండే ఈ గ్రంథి బరువు 20 గ్రాములకు అటూ ఇటూ. ఒంట్లో వేడి, గుండె వేగం, కడుపులోని బిడ్డ మెదడు ఎదుగుదల, అన్నీ దాని హార్మోన్ల మీదే ఆధారపడతాయి. థైరాక్సిన్ అణువు ఒక్కోదానికి నాలుగు అయోడిన్ పరమాణువులు కావాలి. అవి చాలకపోతే పిట్యూటరీ గ్రంథి థైరాయిడ్‌ను మరింత పనిచేయమని తొందరపెడుతుంది. ఆ ఒత్తిడికే అది ఉబ్బుతుంది.

గిల్గిట్‌లో ఒకే కాలువ నీళ్లు తాగే ఊళ్లలో ఎగువన గాయిటర్ తక్కువ, దిగువకు పోయేకొద్దీ ఎక్కువ. మెక్‌కారిసన్ ఆ నీళ్లలోని మడ్డిని తానూ తాగి, మరికొందరిచేత తాగించారు. ఆయనతోపాటు కొందరికి గొంతు వాచింది. మడ్డిని మరిగించి ఇస్తే వాయలేదు. దాంతో తప్పు సూక్ష్మజీవులదేనని నమ్మారు. థైరాయిడ్‌లో అయోడిన్ ఉందని జర్మనీలో బౌమన్ అనే శాస్త్రవేత్త 1895లోనే చెప్పారు. కొండనేలల్లో ఆ అయోడిన్ వానలకూ మంచుకూ కొట్టుకుపోవడమే గాయిటర్‌కు అసలు మూలం. మెక్‌కారిసన్ తేల్చింది నిలవకపోయినా, ఊరూరా తిరిగి గొంతులు తడిమి చూసిన ఆ ఓర్పు నాకు గొప్పగా కనిపిస్తుంది.

అదే కూనూరు ప్రయోగశాలలో పనిచేసిన మన శ్రీకాకుళం బిడ్డ వులిమిరి రామలింగస్వామి ఆ పనిని చివరికంటా తీసుకెళ్లారు. 1956లో ఇప్పటి హిమాచల్‌లోని కాంగ్రా లోయను మూడు భాగాలు చేసి, రెండింటికి అయోడిన్ ఉప్పు, ఒకదానికి మామూలు ఉప్పు పంపారు. 1962కల్లా ఆ రెండింట్లో గాయిటర్ దాదాపు సగానికి పడిపోయింది, మూడోదాంట్లో తగ్గలేదు. ఆ మూడో భాగంలోని తల్లులూ పిల్లలూ ఆరేళ్లు మామూలు ఉప్పే తిన్నారన్నది మాత్రం నా మనసును కలచివేస్తుంది. వాళ్లకు అయోడిన్ అందింది ఆ తర్వాతే. జాతీయ గాయిటర్ నియంత్రణ కార్యక్రమం మొదలైందీ 1962లోనే.

తార్నాక శాస్త్రవేత్తలు ఇంకో అడుగు వేసి, అదే ఉప్పులో ఇనుమూ కలపాలనుకున్నారు. రెండూ కలిస్తే ఉప్పు రంగు మారుతుంది, అయోడిన్ ఎగిరిపోతుంది. సోడియం హెక్సామెటాఫాస్ఫేట్ చేర్చి రెంటినీ నిలబెట్టారు. అయోడిన్‌ను హార్మోన్‌గా మార్చే ఎంజైముకు ఇనుము లేనిదే పని జరగదు. రక్తహీనత ఉన్న ఆడవాళ్లకు అయోడిన్ ఒక్కటే ఇస్తే అందుకే పూర్తి ఫలితం రాదు.