పాత ప్రాసెసర్, కొత్త గ్రాఫిక్స్ కార్డు: చెరకు కాటా దగ్గర తేలే లెక్క

సంక్రాంతికి చోడవరం వెళ్ళినప్పుడు మా పిన్ని కొడుకు నన్ను పక్కకి పిలిచి ఫోన్‌లో ఒక ఫొటో చూపించాడు. ఇంటెల్ ఆర్క్ బీ580 గ్రాఫిక్స్ కార్డు, 12 జీబీ మెమరీ. "అన్నయ్యా, ఇది తీసేసుకోనా?" అన్నాడు. చేతిలో 28 వేలున్నాయి. కాలేజీ అయ్యాక సాయంత్రాలు మొబైల్ షాపులో కూర్చుని ఏడాదిపాటు దాచిన డబ్బు అది. కంప్యూటరేమో సెకండ్‌హ్యాండ్‌లో కొన్న ఆఫీసు డబ్బా. లోపల 2013 నాటి ఐ5-4570 ప్రాసెసర్.

వద్దన్నాను. "ఎందుకు? స్లాట్‌లో పడుతుంది కదా" అన్నాడు. నిజమే, పడుతుంది. కానీ ఆ "ఎందుకు"కి జవాబు చెప్పాలంటే ముప్ఫై ఏళ్ళు వెనక్కి వెళ్ళాలి. అందులో మన వైజాగ్‌లో చదువుకున్న ఒకాయన కథ కూడా ఉంది. వాడికి చెప్పిందే ఇప్పుడు మీకూ చెప్తాను.

మా చోడవరం పక్కనే గోవాడ షుగర్ ఫ్యాక్టరీ. (అప్పట్లో మాది విశాఖపట్నం జిల్లా, 2022 ఏప్రిల్ నుంచి అనకాపల్లి జిల్లా. నాకింకా పాత పేరే నోటికొస్తుంది.) చెరకు ఫ్యాక్టరీ అంటే చాలామందికి పెద్ద మిల్లే గుర్తొస్తుంది. కానీ ఏ చెరకైనా మిల్లులోకి వెళ్ళే ముందు కాటా ఎక్కాలి. చిన్న ఎడ్లబండి వచ్చినా, నిండు ట్రాక్టర్ వచ్చినా బండిని కాటా మీద ఆపాలి, తూకం చూడాలి, చీటీ రాయాలి. మిల్లు ఎంత పెద్దదైనా సరే, కాటా దాటి వచ్చిన చెరకునే ఆడగలదు.

గేమ్‌లో మిల్లు అంటే గ్రాఫిక్స్ కార్డు, కాటా అంటే ప్రాసెసర్. తెర మీద ఒక చెట్టు, ఒక కారు, ఒక మనిషి రావాలంటే, ప్రతిదానికీ "ఇది గీయి" అని ప్రాసెసర్ చీటీ రాసి కార్డుకి పంపాలి. దీన్నే డ్రా కాల్ అంటారు. వస్తువు చిన్నదైనా చీటీ రాసే శ్రమ తప్పదు.

ఇప్పుడు 1996కి వెళ్దాం. 3డీఎఫ్ఎక్స్ అనే కంపెనీ వూడూ కార్డు తెచ్చింది. దాని మెమరీ 4 ఎంబీ. మామూలు 2డీ పనికి ఇంకో కార్డు ఉండాలి, రెండింటికీ మధ్య ఒక కేబులు. ఆ రోజుల్లో త్రిభుజాలకి రంగులు, బొమ్మలు పూయడం వరకే కార్డు పని. ఏ త్రిభుజం ఎక్కడ పడాలి, వెలుగు ఎటు నుంచి రావాలి అన్న లెక్కంతా ప్రాసెసరే చేసేది. అందుకే 1998లో వూడూ2 వచ్చాక పాత పెంటియం ఉన్నవాళ్ళు కొందరు నిరాశపడ్డారు. కొత్త కార్డు వేగం చూపించడానికి పెంటియం 2 లాంటిది కావాల్సొచ్చింది.

1999లో ఎన్విడియా జీఫోర్స్ 256 తెచ్చి, ఆ స్థానం, వెలుగు లెక్కల్ని కార్డులోకే లాక్కుంది. జీపీయూ అనే మాటని జనంలోకి తెచ్చింది ఆ కార్డుతోనే. అందరూ ఇక ప్రాసెసర్‌తో పనేముంది అనుకున్నారు. కానీ కాటా ఎక్కడికీ పోలేదు. లెక్కలు కార్డుకి వెళ్ళినా చీటీలు రాసే పని ప్రాసెసర్ దగ్గరే ఉంది. పైగా గేములు పెద్దవయ్యేకొద్దీ చీటీలు పెరిగాయి.

ఇక్కడే మన వైజాగ్ ఆయన. పేరు రాజా కోడూరి. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఎలక్ట్రానిక్స్ చదివి, ఖరగ్‌పూర్ ఐఐటీలో ఎంటెక్ చేసి, 1996లో ఎస్3 అనే గ్రాఫిక్స్ కంపెనీలో చేరారు. తర్వాత ఏటీఐ, ఏఎండీ, ఆపిల్, 2013లో మళ్ళీ ఏఎండీ. అదే ఏడాది సెప్టెంబరులో ఏఎండీ మాంటిల్ అనే కొత్త పద్ధతి ప్రకటించింది. ఒక్క ముక్కలో చెప్పాలంటే, ఒకటే కాటా దగ్గర అన్ని బళ్ళూ నిలబడకుండా నాలుగైదు కాటాలు తెరవడం, చీటీలో రాత తగ్గించడం. ఏఎండీకి ఆ అవసరం ఉంది మరి. అప్పటి వాళ్ళ ప్రాసెసర్లలో కోర్లు ఎక్కువే, ఒక్కో కోరు మాత్రం బలహీనం. మాంటిల్ ఎక్కువ కాలం బతకలేదు. కానీ దాని పునాది మీదే 2016లో వల్కన్ వచ్చింది. ఈలోపు 2015లో విండోస్ 10తో పాటు మైక్రోసాఫ్ట్ డైరెక్ట్ఎక్స్ 12 తెచ్చింది. అదీ అదే దారి.

2017 నవంబరులో రాజా కోడూరి ఇంటెల్‌కి మారారు. ఆయన ఉండగానే 2022 అక్టోబరులో ఆర్క్ ఏ750, ఏ770 కార్డులు వచ్చాయి. ఇంటెల్ ముందే ఓపెన్‌గా చెప్పేసింది: పదో తరం కోర్ ప్రాసెసర్ గానీ, ఆపై గానీ ఉండాలి, బోర్డులో రీసైజబుల్ బార్ ఉండాలి అని. అదేంటంటే, పాత పద్ధతిలో ప్రాసెసర్ కార్డు మెమరీలోకి ఒక్కసారికి 256 ఎంబీ కిటికీలోంచే చూడగలదు. రీసైజబుల్ బార్ ఉంటే తలుపు మొత్తం తెరుచుకుంటుంది. వేరే కంపెనీల కార్డులు ఆ కిటికీతో సర్దుకుపోతాయి. ఆర్క్ సర్దుకోదు, వేగం బాగా పడిపోతుంది. మా వాడి నాలుగో తరం బోర్డులో ఆ తలుపు లేదు. బయోస్ మార్చి తెప్పించేవాళ్ళున్నారు లెండి. తేడా వస్తే బోర్డే పోతుంది. నేనైతే చెప్పను.

రాజా కోడూరి 2023లో ఇంటెల్ వదిలేశారు. 2024 డిసెంబరులో 249 డాలర్లకి బీ580 వచ్చింది. రివ్యూలన్నీ మెచ్చుకున్నాయి. అయితే ఆ రివ్యూలు చేసింది ఖరీదైన కొత్త ప్రాసెసర్లతో! 2025 జనవరిలో హార్డ్‌వేర్ కానక్స్, హార్డ్‌వేర్ అన్‌బాక్స్డ్ ఛానెళ్ళు అదే కార్డుని పాత ప్రాసెసర్లలో పెట్టి చూశాయి. రైజెన్ 5 2600 లాంటి వాటితో చాలా గేముల్లో బీ580 చతికిలపడింది. అదే ప్రాసెసర్ మీద ఎన్విడియా ఆర్టీఎక్స్ 4060 అంతగా పడలేదు. రీసైజబుల్ బార్ ఉన్నా ఇదే కథ. అప్పటి ఇంటెల్ డ్రైవరు ఒక్కో చీటీకి ప్రాసెసర్ చేత ఎక్కువ పని చేయించేది మరి. నాకిందులో కోపం తెప్పించేది ఒకటుంది. తక్కువ ధర కార్డు కొనేది ఎవరు? పాత ప్రాసెసర్ ఉన్నవాళ్ళే కదా!

ఇంకో ఉదాహరణ, త్వరగా చెప్పేస్తా. 2022 జనవరిలో ఏఎండీ ఆర్ఎక్స్ 6500 ఎక్స్‌టీ వచ్చింది. పీసీఐ ఎక్స్‌ప్రెస్ 4.0 కార్డే, కానీ నాలుగే లేన్లు. పాత 3.0 బోర్డులో పెడితే దారి సగమైపోతుంది. 4 జీబీ మెమరీ నిండిందంటే గేమ్ తడబడుతుంది.

మరి మీ ఇంట్లో ఆగుతున్నది కాటానా, మిల్లా? తెలుసుకోవడం సులువు. గేమ్‌లో రిజల్యూషన్ తగ్గించండి. ఫ్రేములు పెరిగితే ఆగుతున్నది కార్డు. అక్కడక్కడే ఉంటే ప్రాసెసర్. రిజల్యూషన్ తగ్గిస్తే మిల్లు పని తగ్గుతుంది, చీటీల లెక్క దాదాపు మారదు. కొత్త కార్డు కొనకముందు ఈ రెండు నిమిషాల పని చేయండి చాలు.

మా వాడి డబ్బా మూత విప్పి చూశాం. పవర్ సప్లై మీద 290 వాట్లని ఉంది, కార్డుకి వేరే వైరు లేదు. బీ580కి 190 వాట్లు, పైగా ఎనిమిది పిన్నుల వైరు. అంటే ఆ కార్డు కొనుంటే పెట్టడానికే వీలుండేది కాదు. చివరికి అదనపు వైరు అక్కర్లేని జీటీఎక్స్ 1650 ఒకటి సెకండ్‌హ్యాండ్‌లో చూశాం. స్లాట్ ఇచ్చే 75 వాట్లు దానికి సరిపోతాయి. ప్రాసెసర్ తీసి అదే సాకెట్‌లో ఐ7-4770 పెట్టాం. కోర్లు అవే నాలుగు, థ్రెడ్లు మాత్రం ఎనిమిది. గేమ్ మధ్యలో కుదుపులు బాగా తగ్గాయి.

మిగిలిన డబ్బు వాడి దగ్గరే ఉంది. మొన్న ఫోన్ చేసి, "అన్నయ్యా, ఈసారి ముందు బోర్డు కొందామా, కార్డు కొందామా?" అని అడిగాడు. ముందు నీ మానిటర్ రిజల్యూషన్ ఎంతో చెప్పమన్నాను. ఇంకా చెప్పలేదు.