పడని తిండి, ప్రేగు గోడ

విశాఖపట్టణపు చేపలరేవున తెల్లవారుజామున రొయ్యల తట్టలు దిగుచుండగా చూచినవారికి, ఆ రొయ్యయే కొందరికి విషమగునన్న నమ్మశక్యము గాదు. అయినను “వానికి రొయ్య పడదు” అను మాట మన పల్లెలలో విననివారెవరు? తినిన కొంతసేపటికే ఒడలెల్ల దద్దురులు లేచును, పెదవులు వాచును, ఒక్కొక్కనికి గొంతు బిగిసి ఊపిరాడదు. ఎంత ఉడికించినను ప్రయోజనము లేదు. రొయ్యలోని ట్రోపోమయోసిన్ అను మాంసకృత్తు వేడికి చెడునది కాదు. ఇదంతయు ప్రేగు చెడుటవలననే యని చెప్పి, విరేచనములిచ్చి శుద్ధి చేయువారును గలరు. అది యెంతవరకు నిజమో చరిత్రను బట్టి విచారింతము.

1921వ సంవత్సరమున జర్మనీలోని బ్రెస్లా నగరమున ప్రౌస్నిట్జ్ అను వైద్యుడుండెను. ఆయన మిత్రుడగు క్యూస్ట్నరుకు చేప పడదు. ప్రౌస్నిట్జ్ ఆ మిత్రుని రక్తరసమును కొంచెము తీసి తన పొట్టచర్మములోనికే ఎక్కించుకొనెను. మరునాడు అచ్చటనే చేపసారమును గ్రుచ్చగా దద్దురు లేచెను. కావున ఈ వికారమునకు మూలము రక్తములోని యొక పదార్థమని తేలినది. దానిని పట్టి చూపుటకు మరి నలుబదియైదేండ్లు పట్టెను. 1966లో అమెరికాలో పనిచేయుచుండిన జపాను శాస్త్రజ్ఞులు, ఇషిజాకా దంపతులు, దానిని గుర్తించిరి. దాని పేరు ఐజీఈ.

ఇక ప్రేగు మాట. బ్రూక్లిన్ వైద్యుడు వాల్జరు, చేప పడనివాని రక్తరసమును ఆరోగ్యవంతుల చర్మములో నెక్కించి, పిదప వారిచేత చేప తినిపించెను. 1927లో ఆ ఫలితము ప్రకటితమయ్యెను. చేపసారమును సూదితో గ్రుచ్చకయే, రసమెక్కించిన చోట దద్దురు లేచెను. ఒకరిద్దరికి గాదు, పెక్కుమందికి. అనగా మాంసకృత్తు కొంత జీర్ణము గాకయే ప్రేగు గోడ దాటి, రక్తమున గలిసి, చర్మమువరకు వచ్చినది. వారి ప్రేగులు చెడినవి కావు సుమా! ఆరోగ్యముగల గోడయు కొంచెము కారుచునే యుండును.

ఆ గోడ లోపలి పొర ఒక్క కణము మందము మాత్రమే. కణములను కలిపియుంచు బిగికట్లను 1963లో ఫార్క్వార్, పలాడీ అనువారు ఎలెక్ట్రాన్ సూక్ష్మదర్శినితో చూపిరి. ప్రేగు జబ్బులలో ఆ కట్లు సడలి, లోనికి బోవునది హెచ్చగుట నిజమే. కాని పోయినదెల్ల పగ పుట్టింపదు. 1911లోనే వెల్స్, ఆస్బోరన్ అనువారు మొక్కజొన్న తినుచు పెరిగిన గినీపందులకు అందలి మాంసకృత్తును సూదితో ఎక్కించినను అపాయము రాకుండుట కనుగొనిరి. తిండితో దేహము సఖ్యము నేర్చుట ప్రేగులోనే జరుగును. గోడ సడలుట ఆ సఖ్యము చెడుటకు తోడ్పడవచ్చును. అదియొకటే కారణమని నేనొప్పను. విరేచనములతో ఐజీఈ పోదు.

మన పొరుగున కర్ణాటకలో జరిగిన పరిశీలన 2016లో వెలువడినది. పెద్దవారిలో నూటికి 26గురి రక్తమున ఏదో యొక తిండికి విరుద్ధమగు ఐజీఈ కనబడెను. నిజముగా ఆ తిండి పడనివారు నూటికొక్కరు మాత్రమే. పరీక్ష కాగితము చూచి బిడ్డకు చేపయు గ్రుడ్డును మాన్పించు తలిదండ్రులు, తినినప్పుడేమి జరిగినదో ముందు వైద్యునికి చెప్పవలెను. గొంతు బిగిసినవానికి మాత్రము కషాయములతో ప్రొద్దుపుచ్చరాదు. వానికి కావలసినది ఎపినెఫ్రిన్ సూదిమందు. ఆ క్షణమే ఆసుపత్రికి బండి కట్టవలెను.