పచ్చ బటన్ నొక్కేదెవరు

కొల్లేటి సీమ చెరువుల్లోకి కృత్రిమ మేధ ఎలా వచ్చిందో చెప్పమంటే ఇప్పుడు అందరూ ఒకే వరస చెబుతారు. 2012లో విజయవాడలో శ్రీరామ్ రావి ఏరువాక టెక్నాలజీస్ పెట్టారు. నీటి మీద తేలే పరికరం రైతు ఫోనుకి ఆక్సిజన్ లెక్క పంపడం మొదలుపెట్టింది. 2015లో తాడేపల్లిగూడెంలో ఎన్‌ఐటీ వచ్చింది. ఆ తర్వాత మేత చల్లే యంత్రాలు, కెమెరాలు, ఏఐ. సెమినార్ల తొలి పలుకుల్లోనూ ప్రాజెక్టు రిపోర్టుల మొదటి పేజీల్లోనూ ఇదే వరస చదివి చదివి నాకు అసంతృప్తి పెరిగింది. తేదీలు సరైనవే. కానీ కథ బాగా ఆలస్యంగా మొదలవుతోంది, పైగా కొలతతో మొదలవుతోంది. నా లెక్కలో ఈ ప్రాంతంలో యంత్రానికి తెలివి అబ్బింది మోటారు దగ్గర. నేర్పినవాళ్ళు ఏలూరు, ఆకివీడు, కైకలూరు వీధుల్లో మోటార్లు వైండింగ్ చేసుకునే మెకానిక్కులు.

సైబర్-ఫిజికల్ సిస్టమ్ అనే మాట 2006 ప్రాంతంలో అమెరికా నేషనల్ సైన్స్ ఫౌండేషన్‌లో హెలెన్ గిల్ వాడుకలోకి తెచ్చారు. పేరు బరువుగా ఉన్నా సంగతి తేలికే. యంత్రం బయటి ప్రపంచాన్ని కొలుస్తుంది, ఒక నిర్ణయం తీసుకుంటుంది, ఏదో ఒకటి కదుపుతుంది. ఆ కదలికతో మారిన ప్రపంచాన్ని మళ్ళీ కొలుస్తుంది. ఈ చక్రం ఆగకూడదు, ఆలస్యం కాకూడదు. ఈ కొలబద్దతో చూస్తే పాత దశలు ఎన్నో కనిపిస్తాయి. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో, బెజవాడ ఆనకట్ట 1855లో పూర్తయ్యాక రెండు డెల్టాల మధ్య పల్లంలో ఉన్న కొల్లేరుకి కాలువల లెక్కలు తోడయ్యాయి. గేజి చూసి షట్టర్ ఎత్తే లస్కరు ఆ చక్రంలో మనిషి రూపంలో ఉన్న భాగం. 1976లో మత్స్యకార సహకార సంఘాలకి చెరువులు తవ్వించి ఇచ్చాక బొచ్చె, శీలావతి పెంపకం ఊపందుకుంది. తౌడు, చెక్క నింపిన సంచులకి చిల్లులు పెట్టి, చెరువులో పాతిన కర్రలకి కట్టి వేలాడదీసే పద్ధతి ఇక్కడిదే. ఆకలైన చేప వచ్చి సంచిని పొడుస్తుంది, కావలసినంతే రాలుతుంది. సాయంత్రం సంచిలో మిగిలిన మేతే మర్నాటి లెక్క. ఇప్పుడు లక్షలు పోసి కొంటున్న ఆటోమేటిక్ ఫీడర్ చేసే పని ఆ చిల్లుల సంచి ఎంతోకొంత చేసింది. ఈ దశల మీద ఇప్పటికే చాలామంది రాశారు కనుక ఇక్కడితో ఆపి, ఎవరూ పట్టించుకోని భాగంలోకి వస్తాను.

అది అర్థం కావాలంటే చెరువులో రాత్రి ఏం జరుగుతుందో తెలియాలి. పగలు నీటిలోని నాచు ఎండ తాగి ఆక్సిజన్ వదులుతుంది. రాత్రి అదే నాచు చేపతో, రొయ్యతో, అడుగు బురదతో పోటీపడి ఆక్సిజన్ పీలుస్తుంది. అందుకే తెల్లవారుజామున మూడింటికీ ఐదింటికీ మధ్య లెక్క అట్టడుగుకి పోతుంది. పగలంతా మబ్బు పడితే ఆ రాత్రి మరీ ప్రమాదం. నీరు వేడెక్కేకొద్దీ అసలు పట్టే ఆక్సిజనే తగ్గిపోతుంది. 30 డిగ్రీల దగ్గర మంచినీటిలో లీటరుకి ఏడున్నర మిల్లీగ్రాములు మించి నిలవదు. మూడు మిల్లీగ్రాముల కిందికి జారితే రొయ్య మేత మానేస్తుంది, గట్టు వారకి చేరుతుంది. చేపల చెరువులో పలచగా పెంచిన రోజుల్లో ఇలాంటి రాత్రి వస్తే డీజిల్ ఇంజనుతో చెరువు నీరే తోడి చెరువులోనే పోసి గట్టెక్కేవారు.

1994-95లో తెల్లమచ్చ వైరస్ టైగర్ రొయ్యని తుడిచిపెట్టింది. 2009లో వనామీ రకం రొయ్య పెంపకానికి అనుమతి వచ్చింది. వనామీ ఉప్పు తక్కువున్న నీటిలోనూ బతుకుతుంది. అందుకే తీరానికి దూరంగా ఉన్న చేపల చెరువుల్లోకీ వచ్చేసింది. ఎంత ఒత్తుగా పోస్తే అంత లాభం అన్నారు. ఒత్తుగా పోసిన చెరువు, నీటిని చిలికి గాలి కలిపే ఏరియేటర్ లేకుండా ఒక్క రాత్రి కూడా నిలవదు. అంటే రైతు పెట్టుబడి మొత్తం కరెంటు తీగకి వేలాడింది. నా దృష్టిలో అసలు మలుపు ఇదే.

ఏరియేటర్‌కి ఉండే స్టార్టర్ పెట్టెలో రెండు బటన్లు ఉంటాయి, పచ్చది, ఎర్రది. పచ్చది నొక్కితే లోపలి కాయిల్ కాంటాక్టుల్ని లాగి పట్టుకుంటుంది, మోటారు తిరుగుతుంది. కరెంటు పోతే కాయిల్ పట్టు వదిలేస్తుంది. కరెంటు తిరిగొచ్చినా ఎవరో వచ్చి పచ్చ బటన్ నొక్కేదాకా మోటారు కదలదు. ఇది లేత్ మెషీన్ దగ్గరా పిండిమర దగ్గరా పనిచేసే మనిషి చెయ్యి తెగకుండా కాపాడటానికి ఆలోచించి పెట్టిన ఏర్పాటు. ఫ్యాక్టరీలో ప్రాణం కాపాడిన ఆ గుణమే చెరువు గట్టున ప్రాణాంతకమైంది. తెల్లవారుజామున కరెంటు పది నిమిషాలు పోయి వచ్చింది, కాపలా మనిషికి కునుకు పట్టింది, ఏరియేటర్లు మాత్రం ఆగే ఉన్నాయి. పొద్దున్నే చూస్తే పంట తేలిపోయి ఉంటుంది.

దీనికి మందు వరి చేల నుంచి వచ్చింది. వ్యవసాయ పంపుసెట్లకి కరెంటు వేళాపాళా లేకుండా వచ్చే కాలంలో రైతులు ఆటో స్టార్టర్ బిగించుకున్నారు. కరెంటు రాగానే పచ్చ బటన్ పని అదే చేసేస్తుంది. 2004లో వ్యవసాయానికి ఉచిత విద్యుత్తు వచ్చాక పల్లెపల్లెనా అది పాకింది. చెరువులది మీటరు కనెక్షన్, టారిఫ్ వేరు, కాబట్టి రెంటినీ కలిపి మాట్లాడకూడదని ఆక్షేపించవచ్చు. టారిఫ్ వేరేగానీ మెకానిక్ ఒకడే, పెట్టె ఒకటే.

ఆటో స్టార్టర్ ఒక్క చెరువుని కాపాడింది, ఊరిని చీకట్లో పెట్టింది. మోటారు నేరుగా స్టార్ట్ అయ్యే క్షణంలో మామూలు కంటే ఐదారు రెట్లు కరెంటు లాగుతుంది. ఒక ట్రాన్స్‌ఫార్మర్ కింద రెండు హెచ్‌పీ మోటార్లు పది ఉన్నాయనుకోండి. తిరుగుతున్నప్పుడు కలిపి 15 కిలోవాట్లు, 25 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ ఎలాగో మోస్తుంది. పదీ ఒకే సెకనులో లేస్తే మోయలేదు. వోల్టేజి పడిపోతుంది, మోటార్లు ఊపందుకోలేక మూలుగుతాయి, ఫ్యూజు ఎగిరిపోతుంది, లేదా ట్రాన్స్‌ఫార్మరే కాలిపోతుంది. ఒక ఫేజు మాత్రమే పోయిన రాత్రి ఇంకా ఘోరం. ఆటో స్టార్టర్‌కి ఆ తేడా తెలియదు, రెండు ఫేజుల మీద మోటారుని లేపబోయి వైండింగ్ కాల్చేస్తుంది. ఆటో స్టార్టర్లు తీసేయమని విద్యుత్ సంస్థలు పోరుపెట్టింది ఊరికే కాదు.

ఇక్కడ మెకానిక్కులు చేసిన పని చూడండి. మొదట, మూడు ఫేజులూ సరిగ్గా ఉంటేనే కాయిల్‌కి కరెంటు ఇచ్చే ప్రివెంటర్ పెట్టారు. తర్వాత టైమర్ పెట్టి, ఒక్కో పెట్టెకి ఒక్కో ఆలస్యం బిగించారు. ఒకటి ఇరవై సెకన్లకి లేస్తే పక్కది నలభైకి, ఆ పక్కది నిమిషానికి. ఒకరితో ఒకరు మాట్లాడుకోని పెట్టెలు ఒకే తీగని పంచుకుంటూ, ఒకదాన్నొకటి తొక్కుకోకుండా వంతులు వేసుకోవడం అన్నమాట. 1971లో హవాయి విశ్వవిద్యాలయంలో నార్మన్ అబ్రామ్సన్ బృందం నడిపిన అలోహా నెట్‌వర్క్ ఎదుర్కొన్న సమస్య కూడా ఈ కోవలోదే. అక్కడ రెండు స్టేషన్లు ఒకేసారి రేడియోలో మాట్లాడితే మాట చెడేది. అప్పుడు తలొకరు తోచినంత సేపు ఆగి మళ్ళీ పంపాలన్నారు. అక్కడ ఆ ఆలస్యం లాటరీలాంటిది, ఇక్కడ స్క్రూడ్రైవర్‌తో తిప్పి పెట్టినది. ఆ తేడా నేను దాచను. అయినా సాఫ్ట్‌వేర్ ఇంజనీరింగ్ పాఠ్యపుస్తకం పంపిణీ వ్యవస్థ అని దేన్ని పిలుస్తుందో అది ఈ గట్ల మీద ఉంది.

స్విచ్చుని పట్టుకుని మేధ అంటారేమిటని కొందరు మిత్రులు నొచ్చుకున్నారు. స్విచ్చు ఒక్కటే అయితే నేనూ అనను. మూడు ఫేజులూ ఉన్నాయా, ఎంతసేపటి నుంచి ఉన్నాయి, నా వంతు వచ్చిందా అని మూడు ప్రశ్నలకి జవాబు చూసుకుని కదిలేది స్విచ్చు కాదు. దీనికి పత్రాల సాక్ష్యం తక్కువన్న మాట నిజమే. మెకానిక్కులు పేటెంటు రాయలేదు, వ్యాసం అచ్చేయలేదు. సాక్ష్యం ఆ పెట్టెలే.

మండవల్లి మండలంలో ఒక కౌలు రైతు మకాంలో నేను ఒక రాత్రి గడిపాను. పెట్టె మూత తీసి చూపించాడు. లోపల కాంటాక్టరు నల్లబడి ఉంది, ఒక మూల బల్లి గుడ్లు. టైమర్ మీద పెన్నుతో 40 అని రాసి ఉంది. ప్రివెంటర్ పక్కనుంచి ఎర్ర తీగ ఒకటి దాన్ని దాటేస్తూ వెళ్ళింది. వోల్టేజి తక్కువున్న రాత్రుల్లో ప్రివెంటర్ మోటారుని లేవనివ్వదు. మోటారు కాలితే రీవైండింగ్ చేయించుకోవచ్చు, పంట పోతే ఏం చేయించుకుంటామని అతని వాదన. ఎర్ర తీగ కలిపినది తనే. ఏ కొలత అబద్ధమాడితే ఎంత నష్టమో ఆ మనిషి తూకం వేసుకున్నాడు. ఆ తూకాన్ని డిజైన్‌లో రాసుకున్న పరిశోధన నాకు ఇప్పటిదాకా కంటబడలేదు.

ఇంత జరిగాకనే సెన్సర్లు వచ్చాయి. ఏరువాక పని విలువ నేను తగ్గించను. ఆక్సిజన్ అంకెని మకాం నుంచి రైతు మంచం దగ్గరికి తెచ్చింది వాళ్ళే. తర్వాత వాళ్ళే తెచ్చిన యంత్రం నీటిలో మైక్రోఫోను పెట్టి రొయ్య మేత నమిలే చప్పుడు వింటుంది, ఆకలిని బట్టి మేత వేస్తుంది. వినే యంత్రం అనగానే నాకు గుర్తొచ్చేది చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన రాజ్ రెడ్డి. ఆయన కార్నెగీ మెలన్‌లో 1970లలో హియర్‌సే వ్యవస్థతో యంత్రానికి మనిషి మాట వినడం నేర్పారు. 1979లో అక్కడి రోబోటిక్స్ ఇన్‌స్టిట్యూట్ తొలి డైరెక్టరయ్యారు. 1994లో ఎడ్వర్డ్ ఫైగెన్‌బామ్‌తో కలిసి ట్యూరింగ్ అవార్డు అందుకున్నారు. వినడం, చేయి కదపడం, ఈ రెంటినీ ఒకే జీవితంలో పట్టుకున్న తెలుగు పరిశోధకుడు ఆయన. 2008లో ఏర్పడిన రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయానికి తొలి ఛాన్సలర్ కూడా ఆయనే. దాని నూజివీడు ప్రాంగణం 2022 నుంచి ఏలూరు జిల్లాలోదే. పల్లె బడుల్లో పదో తరగతి చదివిన పిల్లలు అక్కడికి వస్తారు. వాళ్ళలో చెరువు గట్ల మీద పెరిగినవాళ్ళు ఉండకపోరు.

మరి ఇన్ని విద్యాసంస్థల మధ్య పరిశోధన ఏ దారిన పోతోంది? 2018 డిసెంబరులో కేంద్రం సైబర్-ఫిజికల్ వ్యవస్థల జాతీయ మిషన్‌కి 3,660 కోట్లు మంజూరు చేసింది. 25 హబ్బులు వచ్చాయి. తెలుగు రాష్ట్రాలకి దక్కినవాటిలో ఐఐటీ హైదరాబాద్‌ది డ్రైవర్ లేని వాహనాల మీద, ట్రిపుల్ ఐటీ హైదరాబాద్‌ది డేటా మీద, ఐఐటీ తిరుపతిది పొజిషనింగ్ మీద. వ్యవసాయం, నీరు అన్న అంశం పంజాబులోని ఐఐటీ రోపడ్‌కి వెళ్ళింది. దేశంలో చేపలు, రొయ్యలు అన్నిటికంటే ఎక్కువ పండించే రాష్ట్రానికి ఇది వెలితి అని నా అభిప్రాయం. ఇక ఆక్సిజన్‌ని ముందుగా ఊహించే మోడళ్ళ మీద వస్తున్న వ్యాసాల్లో చాలావాటికి ఆధారం ఒకటి రెండు చెరువుల్లో కొన్ని వారాల డేటా. సెన్సర్ మూతికి నాచు పడితే వారం తిరక్కుండానే అంకె జారిపోతుంది. ఎవరు తుడవాలి, తుడవని రోజు మోడల్ ఏమనుకోవాలి అన్నది చివరి పేరాలో భవిష్యత్ కృషి అన్న మాట కింద దాగిపోతుంది. సిగ్నల్ తెగినప్పుడు ఏరియేటర్ తిరుగుతూ ఉండాలా, ఆగాలా? స్టార్టర్ తయారుచేసినవాడు ఆగాలన్నాడు, మండవల్లి రైతు తిరగాలన్నాడు. సాఫ్ట్‌వేర్ రాసేవాడు ఈ ప్రశ్నకి జవాబు ముందే రాసి ఉంచాలి.

ఇంకో బాధ కూడా ఉంది. 2019లో రొయ్య రైతుకి కరెంటు యూనిట్ రూపాయిన్నర చేశారు. అది రైతుకి ఊపిరే. కానీ చౌక కరెంటుతో రాత్రంతా తిప్పితే పోయేదేముందన్న ధీమా వచ్చింది, ఆక్సిజన్ చూసి తిప్పే తెలివికి గిరాకీ తగ్గింది. పరికరం కొనేది ఎక్కువగా సొంత చెరువున్నవాడే. ఏడాదికోసారి గట్టు మారే కౌలుదారుకి అది బరువు. మేత కంపెనీలు ఈ రంగంలో పెట్టుబడులు పెట్టాయి, ఏరువాకలో నెదర్లాండ్స్‌కి చెందిన న్యూట్రెకో పెట్టింది. మేత ఎంత వేయాలో చెప్పే లెక్కా, మేత అమ్మే లెక్కా ఒకే ఇంట్లో ఉన్నప్పుడు ఆ లెక్క రైతుకి విప్పి చూపించాలని అడగడం న్యాయం.

అన్నిటికంటే నన్ను కలచివేసేది గట్టు అవతల ఉంది. కొల్లేరు 1999లో అభయారణ్యమైంది, 2002లో రామ్‌సర్ జాబితాకెక్కింది, 2006లో అక్రమ చెరువుల గట్లు తెంపారు. ఈ యంత్రాల చూపు మాత్రం చెరువు లోపలికే ఉంది. లోపలి నీరు క్షణక్షణం కొలుస్తారు. పంట పట్టాక తూము ఎత్తి వదిలే నీటిలో ఎంత అమోనియా ఉందో, ఎంత మేత మిగులు ఉందో ఆ తేలే పరికరానికి పట్టదు. ఆ నీరు మురుగు కాలువ పట్టుకుని సరస్సులోకి, అక్కణ్ణుంచి ఉప్పుటేరు మీదుగా సముద్రానికి పోతుంది. బుడమేరు, తమ్మిలేరు తెచ్చే వరదకీ దారి అదే. పక్క చెరువు రైతు తన మోటారుతో లోపలికి తోడుకునేదీ ఆ కాలువ నీరే.